రఘుపతి వెంకటరత్నం నాయుడు: చదువు, ఉపాసన, సేవ

స్మారకోపన్యాస పాఠం - దరియాలతిప్ప, యానాం

రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు 1862 అక్టోబరు 1న మచిలీపట్నంలో పుట్టారు. 1939 మే 26న కాకినాడలో కన్నుమూశారు. ఆ డెబ్బై ఆరేళ్ల జీవితాన్ని మూడు పద్దుల కింద రాయడం అలవాటైపోయింది: కళాశాలలు నడిపిన ప్రిన్సిపాలు, బ్రహ్మసమాజంలో ఉపాసన నడిపిన ఆచార్యుడు, అనాథలకూ దళిత విద్యార్థులకూ ఆసరాగా నిలిచిన సేవకుడు. రాసుకోవడానికి ఈ విభజన బాగానే ఉంటుంది. ఆయన బతికిన తీరును వరుసగా చూస్తే మాత్రం ఈ మూడింటి మధ్య గీత గీయడం సాధ్యం కాదు. దేవుడి ముందు మనుషులంతా ఒక్కటేనని ప్రార్థనామందిరంలో చెప్పిన మాటకు ఆయన కట్టుబడ్డారా లేదా అన్నది కాలేజీ చేరికల పుస్తకంలో తేలేది. అక్కడ ఆయన కట్టుబడ్డారు. ఆయన గురించి చెప్పుకోవలసిన ముఖ్యమైన సంగతి అదే.

గౌతమి ఒడ్డున ఉన్న దరియాలతిప్పకూ, యానాంలోని తక్కిన ఊళ్లకూ కాకినాడ దగ్గరి పట్నం. సుమారు ముప్పై కిలోమీటర్ల దూరం. నాయుడుగారి చివరి ముప్పై అయిదేళ్లు చాలావరకు ఆ పట్నంలోనే గడిచాయి. అప్పట్లో ఈ రెండిటి నడుమ ఒక సరిహద్దు ఉండేది: అటు బ్రిటిషు పాలన, ఇటు ఫ్రెంచి పాలన. ఆయన జీవితం చివరి దశలో ఆ సరిహద్దుకు ఊహించని ప్రాముఖ్యం వచ్చింది. ఆ సంగతి ముందు ముందు వస్తుంది.

తండ్రి అప్పయ్యనాయుడు సైన్యంలో సుబేదారు. సిపాయి కుటుంబాలకు ఒకచోట నిలకడ ఉండదు కదా. అందువల్ల బాలుడి తొలి చదువు తెలుగు ఊళ్లకు దూరంగా, నేటి మహారాష్ట్రలోని చాందాలో మొదలైంది. హిందీ, ఉర్దూ, పారసీకం చిన్నప్పుడే వచ్చాయి. తరవాత హైదరాబాదులో చదివి మెట్రిక్యులేషను పూర్తిచేశారు. అగ్రహారంలోనో వీధిబడిలోనో కాక, నాలుగు భాషలు, పలు మతాల వాళ్లు కలిసి ఉండే దండు ఊళ్లలో పెరగడం ఆయన చూపును విశాలం చేసిందని అనుకోవచ్చు. కులం అనేది ప్రకృతి నియమం కాదని ఒక పిల్లవాడికి తెలియడానికి అంతకన్నా మంచి చోటు ఆ రోజుల్లో అరుదు.

పై చదువు మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో. అక్కడి ప్రిన్సిపాలు డాక్టర్ విలియం మిల్లర్ స్కాట్లండు నుంచి వచ్చిన మిషనరీ. ఆయన మద్రాసులో అడుగుపెట్టింది 1862లో, అంటే నాయుడుగారు పుట్టిన సంవత్సరమే. ఎంతమందికి బాప్తిస్మం ఇచ్చాం అనే లెక్కతో మిషన్ కళాశాలల విలువ కట్టకూడదని మిల్లర్ వాదించారు. క్రైస్తవ నీతి చదువు ద్వారా సమాజమంతటా ఇంకాలి, ఎవరు ఏ మతంలో ఉన్నా వారి నడవడి మారాలి అన్నది ఆయన పద్ధతి. దీన్ని తప్పుపట్టిన మిషనరీలు చాలామందే ఉన్నారు. నాయుడుగారు ఆ పద్ధతి ఫలించినందుకు మంచి ఉదాహరణ. ఆయన క్రైస్తవం పుచ్చుకోలేదు. కానీ గురువు అంటే పాఠం చెప్పి వెళ్లిపోయేవాడు కాదని, శిష్యుడి నడత తన బాధ్యత అని, కళాశాల అంటే ఒక నైతిక సంఘమని మిల్లర్ దగ్గరే నేర్చుకున్నారు. 1891లో ఇంగ్లీషులో ఎం.ఏ. పట్టా పొందారు.

మద్రాసులోనే ఆయన బ్రహ్మసమాజంలో చేరారు. రామమోహన రాయ్ 1828లో కలకత్తాలో స్థాపించిన ఈ సమాజం 1860లలో మద్రాసుకు పాకింది. అక్కడి తెలుగువారిలో దానికి ప్రాచుర్యం తెచ్చినవారిలో మన్నవ బుచ్చయ్య పంతులు ప్రముఖులు. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులు 1878లో ప్రార్థన సమాజం పెట్టి, 1881 డిసెంబరులో మొదటి వితంతు వివాహం జరిపించారు. నాయుడుగారు ఈ వాతావరణంలో ఎదిగారు. వీరేశలింగం చేతిలో కలం, పత్రిక ఆయుధాలైతే, నాయుడుగారికి తరగతి గది, వేదిక ఆయుధాలు. ఇద్దరి మార్గం ఒకటే, స్వభావాలు వేరు. పంతులుగారు దెబ్బకు దెబ్బ తీసే మనిషి. నాయుడుగారు ఎదుటివాడి అంతరాత్మను పట్టుకుని అడిగే మనిషి.

బ్రహ్మసమాజ సభ్యత్వం అంటే ఏమిటో ఇప్పుడు కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ తరానికి అది పుస్తకాల్లో పేరుగానే మిగిలింది. సమాజ మందిరంలో విగ్రహం ఉండదు, నైవేద్యం ఉండదు, పుట్టుకతో హక్కు పొందిన పూజారి ఉండడు. వారంవారం సభ్యులు, వారి కుటుంబాలు, ఆసక్తి ఉన్నవారు వచ్చి కూర్చుంటారు. కీర్తనతో మొదలవుతుంది. మనసును సిద్ధం చేసే ఉద్బోధన, ఏకేశ్వరుడి ఆరాధన, కాసేపు మౌనధ్యానం, ప్రార్థన, ఆపైన ఆచార్యుడి ఉపదేశం. ఉపనిషత్తు వాక్యం పక్కన బైబిలు మాట, దాని పక్కన సూఫీ కవి భావం వినిపించినా ఎవరికీ వింత కాదు. మాఘంలో జరిగే మాఘోత్సవం వారికి పెద్ద పండుగ. ఇదంతా చర్చి ఆరాధనకు దగ్గరగా కనిపిస్తుంది. యానాం సెయింట్ ఆన్స్ చర్చి చుట్టుపక్కల పెరిగినవారికి ఈ పోలిక తేలిగ్గా అందుతుంది. ఒక్క తేడా ఉంది. బ్రహ్మసమాజికుడు ఏ ఒక్క గ్రంథాన్నీ, ఏ ఒక్క మనిషినీ తప్పులేని ప్రమాణంగా తీసుకోడు. అందువల్ల ఆ సమాజంలో చేరినవాడికి నీడనిచ్చే పెద్ద వ్యవస్థ ఏదీ ఉండేది కాదు. కులం వెలివేస్తే, బంధువులు పెళ్లికీ చావుకూ రాకపోతే, తట్టుకోవాల్సింది ఆ కొద్దిమంది సభ్యులే. కోస్తా పట్నాల్లో ఆ సంఖ్య ఎప్పుడూ చిన్నదే. అంత చిన్న సంఘం అంత పెద్ద మార్పుకు కారణం కావడం వెనుక నాయుడుగారి వంటివారి నిలకడ ఉంది.

ఉద్యోగ జీవితంలో ముఖ్యమైన తొలి మజిలీ మచిలీపట్నం నోబుల్ కళాశాల. రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్ అనే ఆంగ్లికన్ మిషనరీ 1843లో పెట్టిన ఆంగ్ల పాఠశాల అలా ఎదిగింది. నోబుల్ గొప్ప ఉపాధ్యాయుడు. 1841లో వచ్చినవాడు 1865లో మరణించేదాకా స్వదేశానికి తిరిగి వెళ్లలేదు. కానీ ఆయన తన బడిలో అస్పృశ్యులుగా చూడబడిన కులాల పిల్లలను చేర్చుకోలేదు. చేర్చుకుంటే అగ్రకుల విద్యార్థులు వెళ్లిపోతారన్నది ఆయన భయం. ఆ భయం నిరాధారం కాదు, అయినా ఆ బడి నీతికి అదొక లోటు. దేవుడి పేరుతో నడిచే చదువు కూడా గుమ్మం దగ్గర కులానికి తలవంచిందన్నమాట. నోబుల్ పేరు మీద ఉన్న కళాశాలలో పాఠం చెప్పిన నాయుడుగారు తన కళాశాల వచ్చినప్పుడు దీనికి తలకిందులుగా నడిచారు.

మచిలీపట్నంలో ఆయన ఇంగ్లీషు పాఠాలు విన్నవారిలో భోగరాజు పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు, కోపల్లె హనుమంతరావు ఉన్నారు. ఈ ముగ్గురూ కలిసి 1910లో అదే ఊళ్లో ఆంధ్ర జాతీయ కళాశాల నెలకొల్పారు. బ్రిటిషు ప్రభుత్వ విద్యకు ఎదురుగా నిలిచిన సంస్థ అది. గురువు రాజకీయాల్లో మితవాది, ప్రభుత్వం ఇచ్చిన బిరుదులు స్వీకరించినవారు. శిష్యులు ఆ విషయంలో వేరే దారి పట్టారు. చదువుకు నడవడి ప్రాణమన్న నమ్మకం మాత్రం గురువుగారి దగ్గర తెచ్చుకున్నదే.

1890లలో ఆయన సాంఘిక పవిత్రత ఉద్యమాన్ని నడిపారు. దాని గుండెకాయ ఒక ప్రతిజ్ఞ. మద్యం ముట్టను, వేశ్యాలోలత్వానికి పాల్పడను, భోగం మేళాలు పెట్టిన వేడుకలకు వెళ్లను అని యువకులు మాట ఇవ్వాలి. ఇవాళ ఇది చిన్న సంగతిగా కనిపించవచ్చు. గోదావరి, కృష్ణా జిల్లాల్లో పెద్దింటి పెళ్లంటే మేళం ఉండి తీరవలసిన కాలమది. కొత్త కలెక్టరు వస్తే మేళం, జమీందారు ఇంట బారసాలకు మేళం. మేళం ఉందని తెలిసి లేచి వెళ్లిపోవడమంటే ఆతిథ్యం ఇచ్చినవారిని నలుగురిలో అవమానించడం. ఒక లెక్చరరు, ఆయన వెనుక కుర్ర విద్యార్థులు, ఆ పని చేశారు. 1893లో మద్రాసు సంస్కర్తలు ఇటువంటి వేడుకలకు హాజరు కావద్దని వైస్రాయికీ గవర్నరుకూ విజ్ఞప్తి పంపారు, వారు ఒప్పుకోలేదు. ప్రభుత్వం కలిసిరాకపోయినా చదువుకున్న తెలుగు యువకుల్లో అభిప్రాయం మారింది.

ఈ ఉద్యమంలో ఒక కఠినమైన పార్శ్వం కూడా ఉంది. మగవాడి నీతిని బాగుచేయాలన్న తపనలో ఆ మేళాలు నడిపిన కళావంతుల కుటుంబాల జీవనాధారం ఏమవుతుంది, వారు తరతరాలుగా కాపాడిన సంగీత నాట్యాలు ఏమవుతాయి అన్న ప్రశ్నలకు సంస్కర్తలు తగినంత చోటు ఇవ్వలేదు. తరవాతి కాలపు చరిత్రకారులు ఈ మాట గట్టిగానే చెప్పారు. అది న్యాయమైన విమర్శ. ఆడపిల్లను చిన్నతనంలోనే దేవుడి పేరుతో అంకితం చేసి ఆమె బతుకును ముందే రాసిపెట్టే ఆచారాన్ని నాయుడుగారు సహించలేకపోవడమూ న్యాయమే. రెండూ ఒకేసారి నిజం.

భార్య చిన్న వయసులోనే చనిపోయారు. నాయుడుగారు మళ్లీ పెళ్లి చేసుకోలేదు. అప్పటినుంచి తెల్లబట్టలే కట్టారు. తెల్లటి తలపాగా, తెల్లటి దుస్తులు, తరవాతి రోజుల్లో తెల్లటి గడ్డం: శ్వేతాంబర ఋషి అనీ, బ్రహ్మర్షి అనీ జనం ఆయనను పిలిచింది ఈ రూపాన్ని చూసే. భర్త పోయిన స్త్రీకి సంఘం బలవంతంగా విధించే నిరాడంబరతను ఒక పురుషుడు తనంత తాను కోరి జీవితాంతం పాటించడం ఆ రోజుల్లో విడ్డూరం. మగవాడికి ఒక నీతి, ఆడదానికి ఒక నీతి అనే లోకరీతికి అంతకన్నా సూటి జవాబు ఉపన్యాసంలో దొరకదు.

1899 నుంచి 1904 దాకా సికింద్రాబాదు మహబూబ్ కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్నారు. 1893లో అమెరికా ప్రయాణానికి ముందు వివేకానందస్వామి ప్రసంగించిన సంస్థ అదే. తెలుగు, ఉర్దూ, తమిళం, మరాఠీ వినిపించే కంటోన్మెంటు ఊరు చిన్ననాటి చాందా వాతావరణం లాంటిదే. అక్కడ కళాశాలను చక్కదిద్దిన పేరుతోనే ఆయనకు కాకినాడ నుంచి పిలుపు వచ్చింది.

1904లో పిఠాపురం రాజా కళాశాల ప్రిన్సిపాలుగా వచ్చి, 1919 వరకు పదిహేనేళ్లు ఆ బాధ్యత మోశారు. ఆయన జీవితంలో ముఖ్యమైన ఘట్టం ఇదే. పిఠాపురం సంస్థానాధీశుల దానంతో నిలబడిన ఆ కళాశాలను బి.ఏ. దాకా చదువు చెప్పే సంస్థగా పెంచారు. యువరాజు సూర్యారావు బహద్దూరు ఆయన శిష్యులై, సంస్థానం చేతికి వచ్చాక గురువు ఆశయాలకు ఖజానా తెరిచారు. తెలుగు పాఠకులకు ఈ రాజావారు సూర్యరాయాంధ్ర నిఘంటువు ద్వారా తెలుసు. సంస్కరణ అనేది మాటలతో అయ్యే పని కాదు, దానికి భవనం కావాలి, బియ్యం కావాలి, జీతాలు కావాలి. గురువు ఆలోచనకూ శిష్యుడి సంపదకూ కాకినాడలో లంకె కుదిరింది.

కళాశాలలో ఆయన అమ్మాయిలను చేర్చుకున్నారు. దళిత విద్యార్థులను చేర్చుకున్నారు. ఒకే గదిలో, ఒకే బల్లల మీద. పెద్దల నుంచి వ్యతిరేకత వచ్చింది. పిల్లలను మానిపిస్తామన్న బెదిరింపు నోబుల్ కాలం నుంచీ పాతదే. నాయుడుగారు దానికి లొంగలేదు.

చేర్చుకోవడంతో పని అయిపోదని ఆయనకు తెలుసు. పల్లె నుంచి వచ్చిన మాల, మాదిగ కుర్రాడికి పట్నంలో ఎవరు అద్దెకు ఇల్లిస్తారు? ఏ పూటకూళ్ల ఇంట్లో అన్నం పెడతారు? ఆ రోజుల్లో పేద బ్రాహ్మణ విద్యార్థికి వారాలు చేసుకుని చదివే వెసులుబాటు ఉండేది: వారానికి ఏడిళ్లు, రోజుకో ఇంట భోజనం. దళిత విద్యార్థికి ఆ ఏడిళ్లలో ఒక్కటి కూడా లేదు. అతని పేరు రిజిస్టరులో ఉన్నా కడుపు ఖాళీగా ఉంటే మూడో నెలకు ఊరికి తిరిగిపోతాడు. అందుకే దళిత విద్యార్థుల వసతి గృహం ఏర్పడింది. రాజావారి అండతో అనాథ శరణాలయం నడిచింది. నాయుడుగారి సొంత జీతంలో అధికభాగం పేద పిల్లల ఫీజులకూ పుస్తకాలకూ తిండికీ పోయేది. ఈ ఏర్పాట్లను దయ అని పిలవడం చాలదు. చదువుకు అడ్డంగా ఉన్న రాళ్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి తీసిన పని అది. సముద్రం మీద వేటకు పోయే ఇంటి నుంచి మొదటిసారి బడికి వచ్చిన పిల్లవాడికి ఇవాళ కూడా అవే రాళ్లు అడ్డం వస్తాయి: ఎక్కడ ఉండాలి, ఏం తినాలి, ఇంట్లో దీపం కింద ఎవరు పాఠం చెబుతారు.

కాకినాడ బ్రహ్మసమాజ మందిరంలో ఆయన ఉపదేశాలు వినడానికి సభ్యులు కానివారు కూడా వెళ్లేవారు. ఇంగ్లీషులో ఆయనది గొప్ప వాగ్ధాటి. షేక్‌స్పియరును పాఠం చెప్పిన గొంతే ఉపాసన నడిపేది. ఆ రోజుల్లో కాకినాడలో చదువుకుని బ్రహ్మసమాజం వైపు ఆకర్షితులైన ఇద్దరు తరవాత తెలుగు సాహిత్యాన్ని మలుపు తిప్పారు. పిఠాపురం ఆస్థాన పండితుల ఇంట 1897లో పుట్టిన దేవులపల్లి కృష్ణశాస్త్రి ఒకరు. సంప్రదాయ కుటుంబాన్ని నొప్పించి మరీ సంస్కరణ పక్షాన నిలిచారు; సమాజానికి ప్రార్థనా గీతాలు రాశారు. విగ్రహం లేని ఆరాధనలో మిగిలేది మాట, పాట, మౌనం. కృష్ణశాస్త్రి భావగీతానికి ఆ ఉపాసన కొంత ఊపిరి పోసిందనడం సబబే. రెండోవారు గుడిపాటి వెంకటచలం. యవ్వనంలో బ్రహ్మమతాన్ని ఆత్రంగా పట్టుకుని, ఆపైన దాని నీతినియమాలనే ప్రశ్నించి దూరం జరిగారు. స్త్రీకీ పురుషుడికీ ఒకే కొలత ఉండాలన్న పట్టుదల మాత్రం ఆయనను వదలలేదు. గురువు ఆ కొలతను సంయమం వైపు తిప్పితే చలం స్వేచ్ఛ వైపు తిప్పారు. విద్యార్థి తనకు ఎదురుతిరిగేంతగా ఆలోచించడం నేర్పినవాడిని మంచి గురువనే అనాలి.

1924లో బ్రిటిషు ప్రభుత్వం సర్ బిరుదు ఇచ్చింది. 1925 నుంచి 1928 దాకా మద్రాసు విశ్వవిద్యాలయం వైస్ చాన్సలరుగా పనిచేశారు. గురువు మిల్లర్ ఒకప్పుడు కూర్చున్న పీఠమే అది. తెలుగు జిల్లాలకు వేరే విశ్వవిద్యాలయంగా ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో ఏర్పడింది కూడా ఈ సంవత్సరాల్లోనే. పదవీకాలం ముగిశాక కాకినాడకే తిరిగివచ్చారు.

సరిహద్దు సంగతి ఇక్కడ వస్తుంది. బాల్యవివాహాలను అరికట్టే శారదా చట్టం 1929లో ఆమోదం పొంది 1930 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. అమ్మాయికి పద్నాలుగు, అబ్బాయికి పద్దెనిమిది ఏళ్లు నిండాలి. మధ్యలో దొరికిన ఆరు నెలల గడువులో దేశమంతటా పసిపిల్లల పెళ్లిళ్లు హడావుడిగా జరిగిపోయాయి. గడువు దాటాక గోదావరి జిల్లాల వారికి ఒక దారి దొరికింది: యానాం. ఫ్రెంచి నేల మీద బ్రిటిషు చట్టం చెల్లదు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పెళ్లివారు పురోహితుణ్ని, మేళాన్ని, నిద్రకళ్ల పసిపెళ్లికూతురిని వెంటబెట్టుకుని సరిహద్దు దాటి వచ్చేవారు. మూడుముళ్లు వేయించి తిరిగి వెళ్లేవారు. యానానికి కళ్యాణపురం అనే పేరు అలా వచ్చింది. వినడానికి ముచ్చటగా ఉండే ఆ పేరు వెనుక ఎందరు ఆడపిల్లల చదువు ఆగిపోయిందో తలచుకుంటే బాధ కలుగుతుంది.

కాకినాడలో వృద్ధ సంస్కర్త జీవితకాలపు పనికి చట్టబలం దొరికిన ఘడియలోనే, ముప్పై కిలోమీటర్ల అవతల ఆ చట్టానికి కన్నం పడింది. ఆయన పద్ధతికి ఉన్న బలం ఈ ఘటనలోనే కనిపిస్తుంది. చట్టం గీత దగ్గర ఆగిపోతుంది. ప్రతిజ్ఞ పట్టిన తండ్రి గీత అవతలకు వెళ్లినా కూతురి పెళ్లి చేయడు. బడిలో ఉన్న కూతురిని తీసుకుని అసలు బయలుదేరడు. పద్ధతిలోని బలహీనతా అక్కడే ఉంది. ప్రతిజ్ఞ పట్టించగల గురువులు కొద్దిమంది, పెళ్లి బళ్లు లెక్కలేనన్ని. చట్టమూ కావాలి, బడీ కావాలి, బడికి పంపే మనసూ కావాలి. 1954లో ఫ్రెంచి పాలన పోయాక సరిహద్దు వెసులుబాటు పోయింది. చిన్నతనపు పెళ్లి అనే ఆచారం మాత్రం ఆ ఒక్కదానితో పోలేదు.

చివరి సంవత్సరాల్లో నాయుడుగారు కాకినాడలో సమాజ కార్యక్రమాల మధ్య, శిష్యుల మధ్య గడిపారు. కళాశాల ఉపన్యాసాలు, ఉపాసన ప్రసంగాలు శిష్యుడు వి. రామకృష్ణారావు సంపాదకత్వంలో ఇంగ్లీషు సంపుటాలుగా వెలువడ్డాయి. ఆయన ప్రధానంగా మాట్లాడింది, రాసింది ఇంగ్లీషులోనే కావడం వల్ల తెలుగు పాఠకుడికి ఆయన గొంతు నేరుగా అందదు. వీరేశలింగం స్వీయచరిత్రను ఇప్పటికీ చదువుకుంటాం, నాయుడుగారి సంపుటాలు గ్రంథాలయాల్లోనే ఉండిపోయాయి. సమగ్రమైన తెలుగు అనువాదం వస్తే ఆ లోటు తీరుతుంది. ప్రస్తుతానికి ఆయన తెలుగులో దొరికేది శిష్యుల రాతల్లో, కాకినాడలో ఇప్పటికీ ప్రభుత్వ ఆధ్వర్యంలో నడుస్తున్న పిఠాపురం రాజా కళాశాల చరిత్రలో, అక్టోబరు ఒకటిన ఆయన జయంతి జరుపుకునే సభల్లో.